తీగ లాగాలా, సోలార్ పెట్టాలా, డిస్కంను నిలబెట్టాలా: విద్యుత్ నిధిని ఎక్కడ పెట్టాలో తేల్చుకునే పద్ధతి

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిలో విద్యుత్ రంగంతో ఏదో ఒక సంబంధం ఉన్నవారు చాలామంది. మీటర్ల సాఫ్ట్‌వేర్ రాసేవారు, సోలార్ కంపెనీల్లో పనిచేసేవారు, సంస్థల సామాజిక బాధ్యత నిధులను కేటాయించే కమిటీల్లో కూర్చునేవారు, ఆఫ్రికా దేశాల పంపిణీ సంస్థలకు సలహాదారులుగా వెళ్లివచ్చేవారు వీరిలో ఉన్నారు. వీరందరి ముందుకూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే ప్రశ్న వస్తుంది. కరెంటు సరిగా అందని ప్రజల కోసం కొంత డబ్బు, కొంత కాలం మన చేతిలో ఉంటే, వాటితో గ్రిడ్ తీగను ఊరిదాకా లాగాలా, ఊళ్లోనే చిన్న సౌర గ్రిడ్ కట్టాలా, ఇంటింటికీ సోలార్ సెట్లు ఇవ్వాలా, లేక తీగలుండి కూడా కరెంటు ఇవ్వలేకపోతున్న పంపిణీ సంస్థను, అంటే డిస్కంను, బాగుచేయాలా? ఈ నాలుగూ వేర్వేరు దారులుగా కనిపిస్తాయి గానీ, మొదటి మూడింటి భవిష్యత్తును నిర్ణయించేది నాలుగోదేనని నా దృఢమైన అభిప్రాయం. అందుకే ఈ పోలికలో ఎక్కువ భాగాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ఈ నగరానికి కరెంటు వచ్చిన తీరులోనే ఒక పాఠం ఉంది. కావేరి మీద శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902లో పనిచేయడం మొదలుపెట్టినప్పుడు, ఆ కరెంటు నూటనలభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ముందుగా కోలారు బంగారు గనులకు వెళ్లింది. బెంగళూరు వీధిదీపాలు 1905లో వెలిగాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద కరెంటు చేరిన గ్రామాలు సుమారు 1,500 మాత్రమే. డబ్బు చెల్లించగల వాడకందారు ఉన్న వైపుకే తీగ తనంతట తాను వెళ్తుంది. మిగిలిన చోట్లకు ఎవరో ఒకరు నిర్ణయించి, దాని ఖర్చు భరించి తీసుకువెళ్లాలి. ఈనాడు సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో కరెంటు లేని దాదాపు 60 కోట్ల మంది పరిస్థితి కూడా ఇదే. వారిలో 30 కోట్ల మందికి 2030 నాటికి కరెంటు అందించాలని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కలిసి 2024లో ప్రకటించిన లక్ష్యం ముందున్న ప్రశ్న కూడా మన కమిటీల ముందున్న ప్రశ్నే. పరిమాణంలో మాత్రమే తేడా.

ముందుగా కొలతను సరిచూసుకోవాలి

ఏ దారిని ఎంచుకోవాలన్నా, ప్రస్తుత పరిస్థితిని కొలిచే కొలబద్ద సరైనదై ఉండాలి. మన దేశంలో ఒక గ్రామంలోని పది శాతం ఇళ్లకు, బడి, పంచాయతీ కార్యాలయం వంటి ప్రజా స్థలాలకు కనెక్షన్ ఉంటే ఆ గ్రామం విద్యుదీకరణ పొందినట్టు లెక్కించేవారు. మణిపూర్‌లోని లెయిసాంగ్ గ్రామానికి 2018 ఏప్రిల్ 28న తీగ చేరడంతో గ్రామాల లెక్క పూర్తయింది. కానీ ఇళ్ల లెక్క మిగిలే ఉంది. ఇంటింటికీ కరెంటు ఇచ్చేందుకు 2017 సెప్టెంబరులో మొదలైన సౌభాగ్య పథకం కింద 2019 మార్చి నాటికి 2.6 కోట్లకు పైగా ఇళ్లకు సర్వీసులు ఇవ్వవలసి వచ్చిందంటే, పాత కొలత ఎంతమందిని దాచిపెట్టిందో అర్థమవుతుంది.

దీనికి బదులుగా ప్రపంచ బ్యాంకుకు చెందిన ఇంధన విభాగం 2015లో రూపొందించిన అంచెల కొలతను వాడమని నా సలహా. అందులో మొదటి అంచె అంటే రోజుకు కనీసం నాలుగు గంటలు, అందులో సాయంత్రం ఒక గంట కరెంటు ఉండి, ఒక దీపం వెలిగి, ఫోను చార్జి కావడం. మూడో అంచెలో 200 వాట్ల సామర్థ్యం, రోజుకు ఎనిమిది గంటల సరఫరా కావాలి. అయిదో అంచెలో 2,000 వాట్లు, రోజుకు 23 గంటలు కావాలి. మీ ప్రాజెక్టు ఏ అంచెలో ఉన్న ఇంటిని ఏ అంచెకు చేరుస్తుందో, ఆ స్థాయిని ఎన్నేళ్లు నిలుపుతుందో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, అది ఇంకా ప్రాజెక్టు కాలేదని భావించండి. రాత్రి ఏడు నుంచి పది గంటల మధ్య కరెంటు ఉంటుందా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎన్ని రోజులకు మారుస్తారు అన్న రెండు ప్రశ్నలను ఊరివారిని నేరుగా అడిగితే, అధికారిక నివేదికలు చెప్పని సంగతి బయటపడుతుంది.

తీగ, చిన్న గ్రిడ్, ఇంటి సోలార్

ఇంటి సోలార్ సెట్టుకు ఉన్న గొప్ప బలం వేగం. అనుమతులు, స్తంభాలు, భూమి ఏవీ అక్కర్లేదు; ఒక్క రోజులో దీపం వెలుగుతుంది. బంగ్లాదేశ్‌లో 2003లో మొదలైన కార్యక్రమం సూక్ష్మరుణ సంస్థల ద్వారా 40 లక్షలకు పైగా ఇళ్లకు సోలార్ సెట్లు చేర్చింది. సుమారు రెండు కోట్ల మందికి కిరోసిన్ దీపపు పొగ తప్పింది. కెన్యాలో ఎం-కోపా వంటి సంస్థలు ఫోను ద్వారా రోజువారీ చిన్న వాయిదాలు కట్టించుకుని, కట్టనప్పుడు సెట్టును దూరం నుంచే ఆపివేసే పద్ధతిని తెచ్చాయి. మన బెంగళూరులోనే 1995లో మొదలైన సెల్కో, గ్రామీణ బ్యాంకుల నుంచి అప్పు ఇప్పించడం, అమ్మిన తరువాత మరమ్మతు బాధ్యతను తానే తీసుకోవడం అనే రెండు సూత్రాల మీద నిలబడింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన హరీశ్ హందేకు 2011లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. బ్యాంకు మేనేజరును ఒప్పించడం ప్యానెల్ బిగించడం కంటే కష్టమైన పని అని గుర్తించి, ఆ కష్టాన్ని మొదటి నుంచీ భరించడమే సెల్కో విజయానికి కారణమని నేను భావిస్తాను.

అయితే ఈ దారికి పరిమితి కూడా స్పష్టంగా ఉంది. దీపాలు, ఫోను, చిన్న ఫ్యాను, టీవీ వరకు అది సరిపోతుంది. పిండిమర, బోరు మోటారు, వెల్డింగ్ మిషను నడవవు. బంగ్లాదేశ్‌లోనే ప్రభుత్వం గ్రిడ్‌ను శరవేగంగా విస్తరించి, మరోవైపు ఉచితంగా సెట్లు పంచడం మొదలుపెట్టేసరికి, వాయిదాలు కట్టేవారు తగ్గి, రుణ సంస్థలు చిక్కుల్లో పడ్డాయి. కాబట్టి రాబోయే అయిదారేళ్లలో గ్రిడ్ వచ్చే సూచన లేని, ఇళ్లు దూరదూరంగా ఉన్న గూడేలకు మాత్రమే దీన్ని ప్రధాన మార్గంగా ఎంచుకోవాలి. ఉచితంగా ఇవ్వదలచుకుంటే పూర్తిగా ఉచితంగా ఇవ్వండి, అమ్మదలచుకుంటే పూర్తిగా అమ్మండి. ఒకే మండలంలో రెండూ కలిపితే అమ్మే సంస్థ మునిగిపోతుంది, ఆ తరువాత మరమ్మతుకు వచ్చేవాడే ఉండడు.

చిన్న గ్రిడ్, అంటే ఊరి దగ్గరే సౌర ఫలకాలు, బ్యాటరీలు పెట్టి ఊరంతటికీ తీగ వేసే పద్ధతి, ఎక్కువ ఆశ పుట్టించేదీ, ఎక్కువ జాగ్రత్త కోరేదీ. ప్రపంచ బ్యాంకు 2022లో ప్రచురించిన లెక్క ప్రకారం, బాగా నడిచే సౌర మినీ గ్రిడ్‌లో యూనిట్ ఖర్చు 38 అమెరికా సెంట్లు. అప్పటి మారకం ప్రకారం సుమారు 30 రూపాయలు. పగటిపూట పిండిమరలు, శీతల గిడ్డంగి, వెల్డింగ్ దుకాణాలు వాడుకుంటే అదే ఖర్చు 28 సెంట్లకు దిగుతుందని అదే నివేదిక చెబుతుంది. దీన్నిబట్టి మినీ గ్రిడ్ బతుకుతుందా లేదా అనేది ఎండ మీద కంటే ఊళ్లో పగటి పని ఎంత ఉందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. సంత జరిగే ఊరు, చేపలు పట్టే ఊరు, వరి మిల్లులు డీజిల్‌తో నడుస్తున్న ఊరు దీనికి తగినవి. రాత్రిపూట దీపాలు మాత్రమే వెలిగే ఊళ్లో మినీ గ్రిడ్ కడితే, బ్యాటరీ ఖర్చే దాన్ని తినేస్తుంది.

బీహార్‌లోని ధర్నాయ్ గ్రామ అనుభవాన్ని ఈ రంగంలో ఉన్నవారు మరచిపోకూడదు. అక్కడ గ్రీన్‌పీస్ సంస్థ 2014లో 100 కిలోవాట్ల సౌర గ్రిడ్‌ను ప్రారంభించింది. ఊరివారు తమకు అసలైన కరెంటు కావాలని కోరారు. కొద్దికాలానికే ప్రభుత్వ గ్రిడ్ వచ్చింది, దాని ధర చాలా తక్కువ. కొన్నేళ్లకు బ్యాటరీలు పాడై సౌర కేంద్రం మూలపడింది. గ్రామస్థులు కోరుకున్నదాంట్లో తప్పేమీ లేదు. చవకగా, ఎక్కువ లోడు మోయగల కరెంటును కోరుకునే హక్కు నగరవాసికి ఎంత ఉందో వారికీ అంతే ఉంది. తప్పు అక్కడి ఏర్పాటులో ఉంది: గ్రిడ్ వస్తే సౌర కేంద్రం ఏం కావాలన్నది ముందే తేల్చి ఉంచలేదు. నైజీరియా ఈ విషయంలో ముందుచూపు చూపింది. అక్కడి నియంత్రణ సంస్థ 2016లో తెచ్చిన మినీ గ్రిడ్ నిబంధనల ప్రకారం, అనుమతి పొందిన మినీ గ్రిడ్ దగ్గరికి ప్రధాన గ్రిడ్ వస్తే, నిర్వాహకుడు నష్టపరిహారం తీసుకుని తప్పుకోవచ్చు లేదా గ్రిడ్‌తో అనుసంధానమై కొనసాగవచ్చు. ఇలాంటి నిబంధన రాతపూర్వకంగా లేని దేశంలో, రాష్ట్రంలో మినీ గ్రిడ్‌కు డబ్బు పెట్టవద్దని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

ఇక గ్రిడ్ విస్తరణ. ఊరు 11 కేవీ (11,000 వోల్టుల) లైనుకు దగ్గరగా ఉండి, ఇళ్లు గుంపుగా ఉంటే, దీర్ఘకాలంలో దీనికంటే చవకైన దారి లేదు. వియత్నాం 1990ల ఆరంభంలో గ్రామీణ ప్రాంతాల్లో చాలా తక్కువ ఇళ్లకే కరెంటు ఉన్న స్థితి నుంచి, 2009 నాటికి దాదాపు అన్ని ఇళ్లకూ గ్రిడ్ చేర్చగలిగింది. మొదట కమ్యూన్లు, అంటే మన పంచాయతీల వంటివి, తమ సొంత డబ్బు కలిపి స్థానిక లైన్లు వేసుకున్నాయి, తరువాత జాతీయ సంస్థ వాటిని స్వాధీనం చేసుకుని నాణ్యత పెంచింది. కానీ తీగ ఊరి మీదుగా పోయినంత మాత్రాన ఇంట్లోకి రాదు. కెన్యాలో సర్వీసు రుసుము 35,000 షిల్లింగులుగా ఉన్నంతకాలం ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న ఇళ్లు కూడా చీకట్లో ఉండేవి. 2015లో దాన్ని 15,000కు తగ్గించి, వాయిదాల్లో కట్టే వీలు కల్పించిన తరువాత కనెక్షన్లు వేగంగా పెరిగాయి. ఆ పెరిగిన ఇళ్లలో చాలావాటి వాడకం నెలకు కొద్ది యూనిట్లే కావడంతో, కొత్త భారమంతా పంపిణీ సంస్థ మీద పడింది. అందువల్ల గ్రిడ్ విస్తరణను ఎంచుకునేవారు లైను ఖర్చుతో పాటు సర్వీసు వైరు, ఇంటి లోపలి వైరింగ్, మొదటి రెండు మూడేళ్ల నిర్వహణ లోటు ఎవరు భరిస్తారో కూడా బడ్జెట్‌లో చూపించాలి.

పంపిణీ సంస్థ ఎందుకు కుంగిపోతుంది

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. ఒక డిస్కం యూనిట్ అయిదు రూపాయల చొప్పున 100 యూనిట్లు కొన్నదని అనుకుందాం. దానికి 500 రూపాయల ఖర్చు. తీగల్లో వేడిగా పోయినది, కొక్కేలు తగిలించి వాడుకున్నది, పాడైన మీటర్లు లెక్కించనిది పోగా 75 యూనిట్లకే బిల్లు పడింది. ఆ బిల్లుల్లో తొంభై శాతమే వసూలైంది. అంటే డబ్బు వచ్చింది 67.5 యూనిట్లకు. సగటు ధర యూనిట్‌కు ఆరు రూపాయలైతే చేతికి వచ్చేది 405 రూపాయలు. జీతాలు, మరమ్మతులు లెక్కలోకి తీసుకోకముందే 95 రూపాయల లోటు. ఈ స్థితిలో ఉన్న సంస్థకు మరో వంద యూనిట్లు సరఫరా చేయడమంటే మరో 95 రూపాయలు పోగొట్టుకోవడమే. అందుకే నష్టం ఎక్కువగా ఉన్న ఫీడర్‌కు (సబ్‌స్టేషన్ నుంచి కొన్ని ఊళ్లకు వెళ్లే లైనుకు) సాయంత్రం వేళ కోత పెట్టడం ఆ సంస్థ ఇంజినీరుకు లాభసాటి నిర్ణయం అవుతుంది. కోత పెరిగినకొద్దీ బిల్లు కట్టాలన్న ఇష్టం వాడకందారుకు తగ్గుతుంది. వసూలు తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి డబ్బుండదు. పేద ఊళ్లు ఈ చక్రంలో అందరికంటే ముందు నలిగిపోతాయి.

ఇప్పుడు అదే సంస్థలో ధర ఒక్క పైసా పెంచకుండా, 85 యూనిట్లకు బిల్లు వేసి, 97 శాతం వసూలు చేస్తే ఆదాయం దాదాపు 495 రూపాయలకు చేరుతుంది. కొత్త విద్యుత్ కేంద్రం కట్టడం కంటే, అప్పులు రద్దు చేయడం కంటే ఈ మార్పు ఎంత విలువైనదో ఈ ఒక్క లెక్కే చెబుతుంది. మన దేశంలో 2015 నవంబరులో వచ్చిన ఉదయ్ పథకం కింద డిస్కంల అప్పుల్లో 75 శాతాన్ని రాష్ట్రాలు తమ మీద వేసుకున్నాయి. అయినా చాలా డిస్కంలు కొన్నేళ్లకే మళ్లీ అప్పుల్లో పడ్డాయి, ఎందుకంటే కింద కారుతున్న చోటు కారుతూనే ఉంది.

తెలుగువారికి ఈ విషయం పరాయిది కాదు. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఉత్పత్తి చూసే జెన్‌కో, సరఫరా చూసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. మరుసటి ఏడాది నాలుగు డిస్కంలు ఏర్పడ్డాయి. చౌర్యాన్ని శిక్షార్హం చేసే చట్టం, లక్షల అనధికార కనెక్షన్ల క్రమబద్ధీకరణ, చేతిలోని యంత్రంతో ఇంటి ముందే బిల్లు ఇచ్చే స్పాట్ బిల్లింగ్, ఫీడర్లకు మీటర్లు కలిసి పనిచేయడంతో, 1999లో సుమారు 38 శాతంగా ఉన్న నష్టాలు 2003 నాటికి సుమారు 26 శాతానికి తగ్గాయి. వ్యవసాయ ప్రాంతాల్లో పొడవైన తక్కువ వోల్టేజి (ఎల్‌టీ) లైన్ల స్థానంలో 11 కేవీ లైనును పొలం దాకా తీసుకువెళ్లి, ఇద్దరు ముగ్గురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే అధిక వోల్టేజి పంపిణీ (హెచ్‌వీడీఎస్) పద్ధతి కూడా వచ్చింది. వోల్టేజి 415 నుంచి 11,000కు పెరిగితే అదే లోడుకు తీగలో ప్రవాహం సుమారు 26వ వంతుకు తగ్గుతుంది, నష్టం ఆ ప్రవాహపు వర్గాన్ని బట్టి పడిపోతుంది. పైగా 11 కేవీ తీగకు కొక్కెం తగిలించే సాహసం ఎవరూ చేయరు. లో వోల్టేజికి మోటార్లు కాలిపోయి, వైండింగ్ దుకాణాల చుట్టూ తిరిగిన రైతుకు ఇది నిజమైన ఉపశమనం.

అదే సంస్కరణకు మరో ముఖం కూడా ఉంది. చార్జీల పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు మరణించారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. సరఫరా మెరుగుపడక ముందే ధర పెంచితే ప్రజలు దాన్ని శిక్షగా చూస్తారు. ఏ దేశంలోనైనా, ఏ సలహాదారైనా ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి: ముందు కోతలు తగ్గాలి, తరువాత మీటర్లు సరికావాలి, ఆ పైన మాత్రమే చార్జీల మాట ఎత్తాలి. నైజీరియాలో 2024 ఏప్రిల్‌లో రోజుకు 20 గంటలు సరఫరా పొందే వర్గానికి మాత్రమే చార్జీని యూనిట్‌కు 225 నైరాలకు పెంచినప్పుడు, ధరను సరఫరా గంటలతో ముడిపెట్టడమనే ఆలోచన అందులో ఉంది. ఆ పెంపు చాలా ఎక్కువన్న విమర్శలో న్యాయం ఉన్నా, గంటలు ఇవ్వకుండా ధర అడగకూడదన్న సూత్రం మాత్రం సరైనదే.

ఎవరి చేతిలో పెట్టాలి

పంపిణీని పూర్తిగా ప్రైవేటుకు ఇవ్వడం, ఆస్తి ప్రభుత్వం దగ్గరే ఉంచి నిర్ణీత కాలానికి నడపడానికి ఇవ్వడం, ఒక పట్టణం వరకు ఫ్రాంచైజీ ఇవ్వడం, సహకార సంఘానికి ఇవ్వడం, ప్రభుత్వ సంస్థనే క్రమశిక్షణలో పెట్టడం అనే అయిదు పద్ధతులను ప్రపంచం ప్రయత్నించింది. ప్రతి పద్ధతిలోనూ గెలుపులున్నాయి, ఓటములూ ఉన్నాయి.

ఢిల్లీలో 2002లో పంపిణీని మూడు కంపెనీలకు అప్పగించారు. 51 శాతం వాటా ప్రైవేటుది, 49 శాతం ప్రభుత్వానిది. యాభై శాతానికి పైగా ఉన్న నష్టాలు క్రమంగా పది శాతం లోపుకు వచ్చాయి. కానీ ఖర్చుకు తగ్గట్టు చార్జీలు పెంచకుండా, ఆ తేడాను తరువాత వసూలు చేసుకోవచ్చని నియంత్రణ సంస్థ వాయిదా వేస్తూ పోవడంతో వేల కోట్ల రూపాయలు పేరుకున్నాయి. ఆ భారం ఎప్పటికైనా వాడకందారు మీద పడవలసిందే. దీనికి ముందే, 1999లో, ఒడిశా పంపిణీని ప్రైవేటుకు ఇచ్చి విఫలమైంది. అక్కడ సరైన మీటర్లు లేకుండానే నష్టాల అంచనా వేశారు, అసలు నష్టం ఆ లెక్క కంటే చాలా ఎక్కువని తరువాత తేలింది. అదే ఏడాది అక్టోబరులో మహా తుపాను లైన్లను కూల్చింది. పంపిణీలో ఒక భాగాన్ని తీసుకున్న అమెరికా సంస్థ ఏఈఎస్ 2001లో తప్పుకుంది, 2015లో రిలయన్స్ లైసెన్సులను నియంత్రణ సంస్థ రద్దు చేసింది. 2020-21లో టాటా పవర్‌కు ఇచ్చేవరకు రెండు దశాబ్దాలు వృథా అయ్యాయి. నైజీరియా 2013లో పదకొండు డిస్కంల విషయంలో ఇంచుమించు ఇదే పొరపాటు చేసింది: నష్టాల లెక్క తప్పు, చార్జీలు ఖర్చు కంటే తక్కువ, పెట్టుబడి పెట్టే స్తోమత లేని కొనుగోలుదారులు.

ఉగాండాలో 2005 నుంచి ఇరవై ఏళ్ల పాటు ఉమేమె అనే సంస్థ పంపిణీని నడిపింది. సుమారు 38 శాతం నష్టాలు 16, 17 శాతానికి తగ్గాయి, కనెక్షన్లు అనేక రెట్లు పెరిగాయి. అయినప్పటికీ పెట్టుబడి మీద హామీ ఇచ్చిన అధిక రాబడి చార్జీలను పెంచిందన్న విమర్శ ఆగలేదు; 2025 మార్చి 31న ఒప్పందం ముగిసి ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చినప్పుడు, మిగిలిన పెట్టుబడికి ఎంత చెల్లించాలన్న దాని మీద వివాదం రేగింది. ముగింపు లెక్కను మొదటి రోజే సూత్రంగా రాసుకోవాలన్నది దీని పాఠం. మహారాష్ట్రలో భివండి ఫ్రాంచైజీ 2007లో టొరెంట్ పవర్‌కు వెళ్లి నష్టాలను బాగా తగ్గించింది గానీ, అదే నమూనాను ఔరంగాబాద్, నాగపూర్‌లకు తీసుకువెళ్తే మధ్యలోనే ఆగిపోయింది.

ప్రభుత్వ సంస్థ బాగుపడదని అనుకునేవారు గుజరాత్‌ను చూడాలి. 2003లో మొదలైన జ్యోతిగ్రామ్ పథకం కింద వ్యవసాయ ఫీడర్లను ఇళ్ల ఫీడర్ల నుంచి వేరుచేశారు. 2005లో బోర్డు విడిపోయిన తరువాత ఏర్పడిన డిస్కంలు ప్రభుత్వానివే అయినా, దేశంలో మంచి రేటింగు పొందే వాటిలో నిలిచాయి. సహకార సంఘాలకు తెలుగునాట సిరిసిల్ల ఉదాహరణ ఉంది. అర్ధ శతాబ్దంగా అక్కడ సంఘమే పంపిణీ చేస్తోంది. బంగ్లాదేశ్ గ్రామీణ విద్యుదీకరణకు 1977 తరువాత ఏర్పడిన పల్లె విద్యుత్ సమితులే వెన్నెముక. అయితే సహకార సంఘం ఎన్నికలు పార్టీల పోటీగా మారిన చోట బకాయిల వసూలు ముందుగా దెబ్బతింటుంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, యాజమాన్యం కంటే మూడు అంశాలు ఎక్కువ బరువు మోస్తున్నాయి: ప్రారంభ నష్టాల లెక్క నిజమైనదా, సబ్సిడీ డబ్బు ప్రభుత్వం నుంచి సమయానికి వస్తుందా, నియంత్రణ సంస్థ ఏటా ధరను ప్రజల ఎదుట విచారించి తేలుస్తుందా. ఈ మూడూ ఉంటే ప్రభుత్వ డిస్కం కూడా నడుస్తుంది. లేకపోతే ప్రైవేటు సంస్థ సైతం ధనికుల కాలనీలకు మంచి సరఫరా ఇచ్చి, మురికివాడలను వదిలేస్తుంది. లెక్కలు సరిగా లేని చోట ముందు రెండేళ్లు మీటర్లకే కేటాయించి, ఆ తరువాతే ప్రైవేటు ఒప్పందం గురించి ఆలోచించాలి.

మీటర్లు, రాయితీలు

మీటర్లలో కూడా ఎంపిక ఉంది. 2021లో కేంద్రం 3.03 లక్షల కోట్ల రూపాయల అంచనాతో ప్రారంభించిన, డిస్కంలను బాగుచేసే ఆర్‌డీఎస్‌ఎస్ పథకం 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. డబ్బు దండిగా ఉంటే మంచిదే. డబ్బు తక్కువగా ఉన్న సంస్థకు మాత్రం నా సలహా వేరు: ముందు ప్రతి 11 కేవీ ఫీడర్‌కు, తరువాత ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెట్టండి, ఇళ్ల మీటర్లు ఆ తరువాత. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎంత వెళ్లింది, దాని కింద ఉన్న సర్వీసులకు ఎంత బిల్లు పడింది అన్న తేడా నెలనెలా తెలిస్తే, నష్టం ఏ వీధిలో ఉందో లైన్‌మన్, అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కూడా దాచలేని విధంగా బయటపడుతుంది. ఇందుకు కావలసిన మీటర్ల సంఖ్య ఇళ్ల మీటర్లలో చాలా చిన్న భాగం.

ప్రీపెయిడ్ మీటరు వసూళ్లను బాగుచేస్తుంది, కానీ పేద ఇల్లు డబ్బులు అయిపోగానే తానే చీకట్లోకి జారుకుంటుంది, ఆ కోత ఏ నివేదికలోనూ కనిపించదు. దక్షిణాఫ్రికా ప్రీపెయిడ్ మీటర్లను విస్తృతంగా పెట్టినప్పుడు, 2003 నుంచి పేద ఇళ్లకు నెలకు 50 యూనిట్లు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు కూడా చేసింది. ప్రీపెయిడ్‌ను సిఫారసు చేసేవారు ఇలాంటి రక్షణను దానితో కలిపే సిఫారసు చేయాలి.

రాయితీల విషయంలో కర్ణాటకలో 2023 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు, తమిళనాడులో రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఇళ్లకు ఉచితం. ఇవ్వాలా వద్దా అన్నది ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం నిర్ణయించవలసిన విషయం. కానీ 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బును ప్రభుత్వం ముందుగానే డిస్కంకు చెల్లించాలి. ఆ చెల్లింపు ఆలస్యమైనంత కాలం రాయితీ పేరుతో డిస్కంను అప్పుల్లోకి నెట్టినట్టే. వ్యవసాయ రాయితీ భారాన్ని తగ్గించడానికి, వేరుచేసిన వ్యవసాయ ఫీడర్ దగ్గరే సౌర కేంద్రం పెట్టి రైతుకు పగటిపూట కరెంటు ఇవ్వడం ఇప్పుడు మన ముందున్న మంచి మార్గం. అర్ధరాత్రి మోటారు వేయడానికి పొలానికి వెళ్లి పాముకాటుకు, షాకుకు గురయ్యే ప్రమాదం దానితో తగ్గుతుంది. వాడకాన్ని తగ్గించే మార్గాన్ని కూడా విస్మరించకూడదు: ఉజాలా పథకం కింద భారీగా కొనుగోలు చేయడంతో ఎల్‌ఈడీ బల్బు కొనుగోలు ధర 2014లోని 310 రూపాయల నుంచి రెండేళ్లలో 40 రూపాయల లోపుకు దిగింది, 75 వాట్ల ఫ్యాను స్థానంలో ముప్పై వాట్ల లోపు తీసుకునే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను పెడితే అదే సోలార్ సెట్టు రెట్టింపు పని చేస్తుంది.

మీ నిధికి ఏది తగినది

ఏజెన్సీ కొండల్లో ఇరవై ఇళ్ల గూడెం, రోడ్డు లేదు, దగ్గరి లైను అనేక కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఇంటి సోలార్ సెట్లు ఇచ్చి, బ్యాటరీల మార్పిడికి ఇప్పుడే డబ్బు విడిగా డిపాజిట్ చేయండి; గూడెంలోని ఒక యువతికో యువకుడికో మరమ్మతు నేర్పి నెలకు కొంత జీతం ఇవ్వండి. ఆఫ్రికాలోని ఒక సరస్సు ఒడ్డు మత్స్యకార గ్రామంలో మంచు తయారీ, పిండిమరలు డీజిల్‌తో నడుస్తుంటే, నష్టపరిహారపు నిబంధన ఉన్న దేశమైతే, మినీ గ్రిడ్‌కు వెళ్లండి. కరెంటు పోయినప్పుడల్లా టార్చిలైటు వెలుగులో కాన్పులు చేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే, మిగతా చర్చ ఎలా ఉన్నా దాని పైకప్పు మీద సోలార్ పెట్టడాన్ని మొదటి పనిగా తీసుకోండి. చిన్న నిధితో ఇంత త్వరగా ప్రాణం కాపాడే పని మరొకటి లేదు.

తీగలున్నా సాయంత్రం కరెంటు ఉండని మండల కేంద్రం, చుట్టూ పది పదిహేను ఊళ్లు అయితే, కొత్తగా ఏదీ కట్టవద్దు. ఆ నిధితో రెండు మూడు ఫీడర్ల శక్తి ఆడిట్‌కు (ఎంత కరెంటు వెళ్లింది, ఎంతకు బిల్లు పడింది అన్న లెక్కకు), ట్రాన్స్‌ఫార్మర్ మీటర్లకు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చేందుకు ఒక నిల్వకు సాయం చేయండి. బెంగళూరులో ఉన్న తెలుగు ఇంజినీర్లు శని, ఆదివారాల్లో ఆ డేటాను విశ్లేషించి ఇవ్వగలరు; డబ్బు కంటే ఆ పని విలువైనది కావచ్చు.

ఒప్పందం మీద సంతకం చేయడానికి ముందు డిస్కం నుంచి గత పన్నెండు నెలల ఫీడర్ల వారీ సరఫరా, బిల్లింగ్, వసూలు అంకెలను అడగండి. అవి ఇవ్వలేకపోతే, ఇవ్వడానికి మీటర్లు లేకపోతే, ఆ మీటర్లనే మీ ప్రాజెక్టు చేసుకోండి. అంకెలు ఉండి కూడా ఇవ్వనంటే, ఎంత మంచి పేరున్న సంస్థ అయినా, ఎంత పెద్ద అధికారి హామీ ఇచ్చినా, ఆ నిధిని ఆ డిస్కం పరిధిలో గ్రిడ్ పనులకు ఖర్చు చేయకండి; అదే జిల్లాలోని ఆరోగ్య కేంద్రాలకు, బడులకు మళ్లించండి.